కట్టవతల పీడీ సారు మీద నా పగ

ఎనిమిదో తరగతి నేను రెండుసార్లు చదివాను. మూడోసారి తెరవబోతే పుస్తకాలే నా మొహం చూసి విసుక్కున్నాయి. అట్లా బడి మానేసి, అనంతపురంలో ఒక సైకిల్ షాపులో పంక్చర్లు వేసే పనికి కుదిరాను. అక్కడ ఆరేళ్ళు పనిచేశాక ఒకరోజు ఉన్నట్టుండి డిగ్రీ కాలేజీలో సెకండియర్ బీకాం అయ్యాను. మధ్యలో ఉన్న తొమ్మిది, పది, ఇంటరు, ఫస్టియరు అన్నీ ఒక్క పూటలో పాసయ్యాను. మా జిల్లాలో అంత వేగంగా చదివినవాడు ఇంకొకడు లేడు.

నన్ను అంత చదివించింది ఫుట్‌బాలు. మా షాపు ఎదురుగా, రోడ్డు దాటితే కాలేజీ గ్రౌండు. గ్రౌండు అనగానే పచ్చిక ఊహించుకోవద్దు. అక్కడ పచ్చగా కనపడేది పల్లేరు తీగ ఒక్కటే. మిగతాదంతా ఎర్రమట్టి, దాని కింద రాయి. ఆ పల్లేరు ముళ్ళు కాలేజీ పిల్లల బంతిని రెండు రోజులకొకసారి నా దగ్గరికి పంపేవి. బ్లాడరు బయటికి తీసి, ప్యాచ్ వేసి, లోపల పెట్టి, గాలి కొట్టేవాణ్ణి. ప్యాచ్ సరిగ్గా అతుక్కుందో లేదో చూడాలన్న వంకతో ఆ బంతి పట్టుకుని నేనే గ్రౌండులోకి పోయేవాణ్ణి. చూడటానికి గంట పట్టేది. మా షాపు ఓనరు ఈల వేసి పిలిస్తేనే నా పరీక్ష పూర్తయ్యేది.

రైలు కట్టకు ఈ పక్క ఈ కాలేజీ, ఆ పక్క ఇంకో కాలేజీ. ఈ పక్కవాళ్ళు దాన్ని కట్టవతల కాలేజీ అనేవాళ్ళు. ఆ పక్కవాళ్ళు దీన్ని ఏమనేవాళ్ళో పుస్తకంలో రాయలేను. జోన్‌లో మొత్తం ఐదు కాలేజీలు. ప్రతి ఏడూ మిగతా మూడింటినీ ఈ రెండూ చెరోవైపు నుంచి నమిలేసి, ఆఖరి ఆట ఒకదానితో ఒకటి ఆడేవి. అది గెలిచిన జట్టు జోన్ ఛాంపియన్. ఛాంపియన్ జట్టు యూనివర్సిటీ పోటీలకు పోతుంది. అక్కడ కంటపడినవాడికి ఒక సర్టిఫికెట్టు వస్తుంది, ఆ కాగితంతో పోలీసులోనో రైల్వేలోనో దూరవచ్చు. అందుకే ఆ ఆట రోజు రెండు కాలేజీల పిల్లలూ పొద్దున టిఫిన్ కూడా సరిగ్గా తినేవాళ్ళు కాదు.

తొంభైల చివర్లో ఒక ఏడు, ఆఖరి ఆటకు వారం ముందు, ఈ కాలేజీ సెంటర్ ఫార్వర్డుకు పచ్చకామెర్లు పట్టుకున్నాయి. పీడీ సారు, అంటే ఆటలు నేర్పే సారు, నేరుగా మా షాపుకొచ్చాడు. మనిషి లావు, మెడలో ఎప్పుడూ విజిల్, మాట మాత్రం వెన్న.

"ఏమప్పా, ఆ పిల్లోని బదులు నువ్వు ఆడల్ల. వాని కార్డు ఇస్తా," అన్నాడు.

"దాంట్లో వాని ఫొటో ఉంటాది కద సార్?"

"ఫొటో మింద స్టాంపు కొట్టినారు. దాంట్లో ఉండేది వాడో, నువ్వో, మా ఇంటి ఎనుమో దేవునికే తెలీదు. ఎవురన్నా అడిగితే సెకండియర్ బీకాం అని చెప్పు. ఇంకేం అడిగినా నవ్వు. నవ్వేదానికి నీకు ట్యూషన్ అక్కర్లేదు గదా?"

అక్కర్లేదు. జెర్సీ తొడుక్కుని అద్దం ముందు నిలబడితే నిజంగానే బీకాంలా కనపడ్డాను. అది తొమ్మిదో నంబరు జెర్సీ. తొమ్మిదో తరగతి ఎట్లాగూ దక్కలేదు, నంబరన్నా దక్కిందని మురిసిపోయాను.

ఆ ఏడు రెండు జట్లకూ పాయింట్లు సమానం. గెలిచినవాళ్ళదే జోన్. మొదటి అరగంటలోనే నేను గోలు కొట్టాను. ఎడమకాలితో కొట్టాను, ఎట్లా కొట్టానంటే, ఆ గోల్‌కీపరు బంతి వచ్చినప్పుడు కాక, పోయిన తర్వాత దూకాడు. గ్రౌండు చుట్టూ జనం ఎగిరారు. నేనెవరో తెలియని పిల్లలు నన్ను భుజాలకెత్తుకుని నా పేరు కాని పేరుతో జై కొట్టారు.

హాఫ్ టైమ్‌లో కట్టవతల పీడీ సారు లేచి వచ్చాడు. పొడుగాటి మనిషి, సన్న మీసం, ఎండైనా వానైనా నీలం రంగు ట్రాక్ కోటు. చేతిలో నా కార్డు. వెనక రెఫరీ. వాళ్ళ వెనక రెండు కాలేజీల జనం.

"ఏం చదువుతాండావప్పా?"

"సెకండియర్ బీకాం సార్."

"ఏ సబ్జెక్టు కష్టంగా ఉండాది?"

"అన్నీ కష్టమే సార్. అందుకే ఆటకొచ్చినా."

జనం గొల్లుమన్నారు. ఆయనా నవ్వాడు. ఆ నవ్వే నన్ను ముంచింది. నవ్వించగలిగితే గెలిచినట్టే అనుకునే పిచ్చి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

"బాగ మాట్లాడతాండావే. మీ నాయన పేరేంది?"

చెప్పాను. మా నాయన పేరు చెప్పాను.

కార్డు మీద ఇంకో పేరు ఉందని నాకు తెలుసు. వారం రోజులు బట్టీ పట్టాను కూడా. కానీ ఆ ప్రశ్న వినగానే నాలుక నన్ను అడగలేదు. నా పేరు ఎవరికిచ్చినా నాకు బాధ లేదు, కావాలంటే రోజుకొకటి పెట్టుకుంటాను. నాయన పేరు అడిగితే మాత్రం పుట్టినప్పటి నుంచీ ఒకటే జవాబు చెప్పిన నోరు అది.

ఆయన కార్డు ఎత్తి పట్టుకుని జనం వైపు తిరిగాడు. "ఈ కార్డులో ఒక నాయన ఉండాడు. వీడు ఇంకో నాయన్ని చెప్తాండాడు. ఏమ్‌రా, ఎంతమంది నీకు?"

ఈసారి జనం నవ్వింది నా జోకుకు కాదు. కట్టవతల పిల్లలు వెంటనే పాట కట్టారు, "ఇద్దరు నాయన్లు, ఇద్దరు నాయన్లు" అని చప్పట్లు కొడుతూ. ఆ మాట మా నాయన్నే కాదు, మా అమ్మను కూడా అన్నట్టు. ఆయన దాన్ని ఆపలేదు. చేతులు కట్టుకుని పాట పూర్తయ్యేదాకా విన్నాడు.

తర్వాత అన్నాడు, "ఆ జెర్సీ చదువుకునే పిల్లోళ్ళది. విప్పు."

నేను ఈ పక్క పీడీ సారు వైపు చూశాను. ఆయన విజిల్ తాడు సరిచేసుకుంటూ, "వీడెవడో నాకు తెలీదు సార్. పిల్లోళ్ళు యాడ్నుంచో పట్టకచ్చినారు," అన్నాడు.

విప్పాను. దొంగ కార్డు పట్టుబడినందుకు జోన్ టైటిల్ కట్టవతలకి పోయింది. గ్రౌండు నుంచి మా షాపు నూరడుగులు కూడా ఉండదు. ఒంటి మీద బట్ట లేకుండా, ఆ పాట వెనకాల రాగా నడుస్తుంటే గుత్తి దాకా నడిచినట్టయింది.

మా నాయన శనక్కాయల మిషను దగ్గర హమాలీ. మూటలు మోసేవాడు, మాటలు మోసేవాడు కాదు. మరుసటి రోజు అక్కడ ఒకడు అడిగాడట, "నువ్వు వానికి ఒకటో నాయనవా, రెండో నాయనవా?" అని. ఆయన ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, చెయ్యి కడిగేటప్పుడు నాతో ఒక్క మాటన్నాడు.

"నా పేరు యాడంటే ఆడ చెప్పొద్దప్పా."

తిట్టి ఉంటే తుడిచేసుకునేవాణ్ణి. ఆట రోజంతా నేను చెప్పిన అబద్ధాల మధ్య ఆ పేరొక్కటే నిజం. దాన్నే చెప్పొద్దంటున్నాడు.

అప్పటి నుంచి నాకొక పని దొరికింది. పగ. జీతం లేని పనే, కానీ సెలవు కూడా లేదు. పొద్దున లేస్తే కట్టవతల పీడీ, పడుకుంటే కట్టవతల పీడీ. ఆయన స్కూటరు శబ్దం ఏ సందులో వినపడినా చెప్పగలను. వాళ్ళ కాలేజీ సైకిల్ స్టాండులో వారానికొకసారి సైకిళ్ళు బాగుచేసే పని అడిగి మరీ తీసుకున్నాను. అక్కడ ఏ గది ఎక్కడుందో, నీళ్ళ డ్రమ్ము ఏ మూల ఉందో, ప్రిన్సిపాలు ఏ కిటికీలోంచి ఉమ్ముతాడో నాకు తెలుసు. ఈ శ్రద్ధలో పావు వంతు ఎనిమిదో తరగతిలో చూపించి ఉంటే కలెక్టరై ఉండేవాణ్ణి. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. స్కూటరు టైర్లలో గాలి తీయవచ్చు. కానీ ఆయన తీసింది నా గాలి కాదు.

మూడేళ్ళు గడిచాయి. ఆ ఏడు వానలు మొహం చూపించలేదు. వేసిన శనక్కాయ విత్తనం కూడా తిరిగి ఇంటికి రాలేదు. పల్లెల నుంచి వచ్చిన కాలేజీ పిల్లల్లో సగంమంది పుస్తకాలు హాస్టల్లో పడేసి బెంగుళూరుకు కూలి పనులకు పోయారు. రెండు జట్లలోనూ పదకొండు మంది కూడటమే గగనమైంది. అయినా లాగీ పీకీ ఆఖరి ఆట మళ్ళీ వీళ్ళిద్దరికే వచ్చింది. కట్టవతలకి ఒక పాయింటు ఎక్కువ. ఆట సమానంగా ముగిసినా జోన్ వాళ్ళదే. ఈ పక్కవాళ్ళు గెలిచి తీరాలి.

ఆటకు రెండు రోజుల ముందు మా పక్క పీడీ సారు షాపుకొచ్చాడు. గోలు వలలు కట్టాలి, బంతులకు గాలి కొట్టాలి.

"పాతవన్నీ మర్చిపో అప్పా," అన్నాడు.

"మీరు నిలబడినచోటే నన్ను మర్చిపోయినారు సార్. నాకు ఆ విద్య రాదు."

అన్నాను కానీ ఒప్పుకున్నాను. వలలు కట్టేవాడికి తాడు దాటి లోపలికి పోయే హక్కుంటుంది. కట్టవతల పీడీకి దగ్గరగా నిలబడవచ్చు. నిలబడి ఏం చేస్తానో తెలియదు. మూడేళ్ళ నుంచి ఆకలిగా ఉన్నవాడు వంట ఏదని అడగడు, పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంటాడు. నేనూ అంతే.

ఆట రోజు వలలు కట్టాను. ముసలి నైలాను వలలు. తాళ్ళకంటే ముడులే ఎక్కువ. రోడ్డు వైపు గోలు మూలలో ఒక కన్ను తెగి ఉంది. దాన్ని సైకిల్ ట్యూబు ముక్కతో బిగిద్దామని వెళ్తుంటే, కట్టవతల జట్టు అక్కడ బంతి కొడుతూ ఒళ్ళు వేడి చేసుకుంటోంది. వాళ్ళ సెంటర్ ఫార్వర్డు కొత్తవాడు, బక్కగా ఉన్నాడు. వాడు కొట్టిన బంతి ఆ కంతలోంచి బయటికి పోయింది. తెచ్చుకోవడానికి వచ్చి, ఆ తెగిన చోట ఆగిపోయాడు.

"అన్నా, ఈడ పోగు తెగింది," అన్నాడు నాతో.

అంటూనే రెండు కొసలూ అందుకున్నాడు. కింద నుంచి చిటికెడు దుమ్ము తీసి వేళ్ళకు రాసుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ ఒక్కసారి మెలితిరిగాయి. ముడి పడింది. మిగిలిన కొసను పళ్ళతో తుంచి ఊసేశాడు. ఇదంతా చేస్తూ వాడు ముడి వైపు చూడనే లేదు, నా మొహం చూస్తూ మాట్లాడుతున్నాడు. నేను వలను వేలితో తడిమాను. ముడి ఎక్కడుందో దొరకలేదు.

ఆ చేతులు నేను ఎరుగుదును. మా చిన్నమ్మ వాళ్ళది ధర్మవరం. అక్కడ పట్టుమగ్గం మీద పోగు తెగితే, బూడిద అద్దుకుని ఇట్లాగే కలుపుతారు. చీరలో ఒక్క పోగు తప్పినా అంగట్లోవాడు వెనక్కి కొడతాడు. అందుకే తెగిన పోగు కంటపడితే వాళ్ళ చెయ్యి ఊరుకోదు. పెళ్ళిలో కూర్చున్నా, బస్సులో నిలబడినా, పక్కవాడి పంచె అంచు తెగి ఉంటే కలిపేస్తారు. అప్పుడప్పుడూ ఇంట్లో సాయం చేసే చదువుకున్న పిల్లవాడి చేతులు కావవి. పొద్దున్నుంచి దీపాల వేళ దాకా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడి చేతులు.

నా గుండె ఒక్కసారి గాలి కొట్టిన ట్యూబులా ఉబ్బింది.

"ఏ ఇయరు తమ్ముడా?" అన్నాను, వలను లాగి చూస్తూ.

"సెకండియర్ బీకాం అన్నా."

పీడీ సార్లందరూ ఏదో ఒకే స్కూల్లో చదివినట్టున్నారు. ఇంకో కోర్సు పేరే రాదు వాళ్ళకు.

"మంచిదప్పా. మీ క్లాసు యాడ?"

"రెండో అంతస్తులో."

కట్టవతల కాలేజీకి రెండో అంతస్తు లేదు. మొదటి అంతస్తు కూడా లేదు. అది రేకుల షెడ్ల వరస. వాళ్ళ సైకిల్ స్టాండులో మూడేళ్ళు కూర్చున్న నాకు ఆ సంగతి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆట మొదలైంది. ఆ పిల్లవాడు ఆడాడు, అబ్బో, ఆడాడు. వాడి కాళ్ళు కూడా చేతుల్లాగే, చూడకుండానే పని చేసేవి. ఇరవై నిమిషాలకు గోలు కొట్టాడు. అదీ వాడే ముడి వేసిన మూలలో. వల ఆగింది. నా ట్యూబు ముక్క అయితే బంతి రోడ్డెక్కి బస్సు కింద పడేది.

హాఫ్ టైమ్ దాకా నేను ఆలోచిస్తూనే ఉన్నాను. మా పక్క పీడీకి చెబితే చాలు, ఆయన పరుగెత్తుకుంటూ పోయి రెఫరీ చెవిలో ఊదుతాడు. ఈ పిల్లవాణ్ణి నిలబెడతారు, ప్రశ్నలు అడుగుతారు, జెర్సీ విప్పిస్తారు, పాట పాడతారు. గెలుపు ఈ పీడీ సంచిలో పడుతుంది. నన్నెరగనన్నవాడికి నా పగ ఎత్తి పోయడమా? పైగా ఆ పాట మళ్ళీ వినడానికి నా చెవులు ఒప్పుకోలేదు. ఇది నా పగ. నేనే వండుకుంటాను, నేనే తింటాను.

కట్టవతల జట్టు తుమ్మచెట్టు నీడలో కూర్చుని చీనీకాయ, అంటే బత్తాయి, ముక్కలు చీకుతోంది. పీడీ సారు కొంచెం పక్కగా, ఒక్కడే నిలబడి తనూ ఒక ముక్క చీకుతున్నాడు. అదే నీలం కోటు. దగ్గరికి పోయాను.

"నమస్తే సార్. గుర్తుపట్టినారా?"

"ఎవురప్పా?"

"సెకండియర్ బీకాం."

ఆయన కళ్ళు చిన్నవి చేసి చూశాడు. పోల్చుకున్నాడు. నవ్వాడు. "ఓహో, నువ్వా! ఏం, ఇంగా అదే క్లాసులో ఉండావా? తప్పినావా?"

మాటకారే. అది ఒప్పుకోవాలి.

"తప్పలేదు సార్. అయ్యవారినైపోయినా. ఈ పొద్దు మీకు పరీక్ష పెడదామని వచ్చినా. మీ సెంటర్ ఫార్వర్డు క్లాసు రెండో అంతస్తులో అంట. మెట్లు ఎప్పుడు కట్టించినారు సార్? గృహప్రవేశానికి పిలవనే లేదే?"

చీనీకాయ చీకడం ఆగింది. రసం గడ్డం మీదుగా కోటు మీదికి కారింది. తుడుచుకోలేదు.

"మెల్లగ మాట్లాడప్పా," అన్నాడు.

"నేను మెల్లగనే మాట్లాడతాండా. మీరు ఆ పొద్దు గట్టిగా మాట్లాడినారు."

"ఏం గావల్ల నీకు? దుడ్లా?"

"దుడ్లిస్తే పంక్చర్ వేస్తా సార్. ఇది పంక్చరు కాదు."

"మరేం గావల్ల?"

"మా నాయన పేరు చెప్పండి."

ఆయనకు తెలియదు. మూడేళ్ళు నేను పొద్దూ మాపూ నమిలిన రోజు అది. ఆయనకు అందులో ఒక్క మెతుకు కూడా మిగల్లేదు. అప్పుడొచ్చిన కోపం జెర్సీ విప్పినప్పుడు కూడా రాలేదు.

నేనే చెప్పాను. ఆయన తిరిగి పలికాడు.

"గారు," అన్నాను.

"ఏంది?"

"మా నాయన మీకంటే పెద్దోడు సార్. పేరు చివర గారు పెట్టల్ల."

పెట్టాడు.

"ఇంగోసారి."

ఇంకోసారి చెప్పాడు. మూడోసారి నేను అడగకముందే చెప్పాడు. గొంతు చీనీకాయ తిన్నట్టు లేదు, దాని గింజ మింగినట్టుంది.

"సరే. ఇప్పుడు ఆ పిల్లోన్ని ఆట నుంచి తీసేయండి."

"వాన్ని తీస్తే మాకేముండాదప్పా? కప్పు పోతాది."

"నేను రెఫరీ దగ్గరికి పోయినా పోతాది. అట్ల పోతే పేరు గూడ పోతాది, వచ్చే ఏడు ఆట గూడ పోతాది. ఎట్ల పోవల్లనో మీరే చూసుకోండి. మూడేండ్ల కిందట నాకు ఇంత ఛాయిస్ లేకపాయ."

ఒకసారి తీసేసిన ఆటగాడు ఆ ఆటలో మళ్ళీ అడుగుపెట్టకూడదు. ఆ రూలు ఇద్దరికీ తెలుసు. ఆయన తల ఊపాడు.

"ఆ జెర్సీ వాని ఒంటి మిందనే ఉండల్ల," అన్నాను. "అది గాక, మీ కోటు మీరే విప్పి, మీ చేత్తో వానికి తొడగల్ల. అందురూ చూస్తాండంగ. నాది విప్పిస్తిరి గదా, తొడిగేది గూడ నేర్చుకోండి."

రెండో సగం మొదలవుతుండగా ఆయన గీత దగ్గరికి నడిచాడు. పిల్లవాణ్ణి పిలిచాడు, ఇంకొకణ్ణి లోపలికి పంపాడు. కోటు విప్పాడు. లోపల బనియను చిరిగి ఉంది. పిల్లవాడి చేతులు ఒక్కొక్కటే కోటు చేతుల్లో దూర్చి, జిప్పు లాగాడు. వేళ్ళు వణికి ఆ జిప్పు రెండుసార్లు జారింది. నేను పది అడుగుల దూరంలో నిలబడి కన్నార్పకుండా చూశాను. మూడేళ్ళు ఎదురుచూసిన ముద్ద నోట్లో పడింది.

అప్పుడు జనం చప్పట్లు కొట్టారు.

నాకు కాదు. ఆయనకు. గ్రౌండు రెండు పక్కలా లేచి నిలబడి కొట్టారు. నా పక్కనే ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, "సారంటే అట్లుండల్లప్పా! పిల్లోడు అలిసిపోయినాడని కోటు తీసిచ్చినాడు, తాను బనియన్ల మింద నిలబడినాడు," అన్నాడు. నేను కడుపు నిండా పెట్టుకున్న పగ బయటికి దయలా కనపడింది. ఊరంతటికీ దేవుణ్ణి తయారుచేసి ఇచ్చాను. నవ్వాలో ఏడవాలో తెలియక, అందరూ కొడుతున్నారు కదా అని నేనూ రెండు చప్పట్లు కొట్టాను.

ఆ పిల్లవాడు లేని కట్టవతల జట్టు అరగంట ఆగింది. తర్వాత మా పక్కవాళ్ళు ఒక గోలు కొట్టారు. ఆట ముగియడానికి ఐదు నిమిషాలుందనగా కార్నర్ కొడితే, పడమటి గాలి బంతిని ఎత్తి గోల్‌కీపరు తల మీదుగా లోపల పడేసింది. జోన్ ఈ పక్కకి వచ్చింది. లావు పీడీని భుజాలకెత్తుకున్నారు. నలుగురు మోశారు, ఇద్దరు మధ్యలో మారారు. ఆయన పై నుంచే నన్ను చూసి, "రా అప్పా, ఫొటోకు నిలబడు!" అని కేకేశాడు.

"నేనెవరో మీకు తెలీదు గద సార్," అన్నాను నేనూ కేకేసి. నలుగురూ విన్నారు. ఆయన కప్పు వైపు తిరిగిపోయాడు. ఆ చిన్న ముద్ద మాత్రం నాకు బాగా అరిగింది.

గ్రౌండు ఖాళీ అవుతుంటే ఆ నేతపిల్లవాడు కొళాయి దగ్గర కనపడ్డాడు. కొళాయిలో నీళ్ళు లేవు. ఊరికే దాని ముందు నిలబడి ఉన్నాడు, కోటు మెడ దాకా జిప్పు వేసుకుని.

"నేను బాగనే ఆడ్తాంటి గదన్నా. ఎందుకు తీసినాడు?" అన్నాడు.

"గాలి ఎక్కువైందని అనుకున్న్యాడేమో," అన్నాను.

"గెలిస్తే వచ్చే ఏడు నా సొంత పేరుతో కాలేజీలో చేర్పిస్తానన్న్యాడు. హాస్టల్లో సీటు గూడ ఇప్పిస్తానన్న్యాడు. ఇంటర్ పాసై రెండేండ్లు మగ్గంలోనే ఉండా. మా నాయనతో చెప్పేసొచ్చినా, ఇంగ నేను రానని." కోటు చేతులు మడుచుకున్నాడు. "ఇప్పుడు పోయి ఏమని చెప్పల్ల?"

నాకు ఒక్క జోకు రాలేదు. నా వల్లనే అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ధర్మవరం బస్సు ఎక్కించాను. బస్సు కదిలినా వాడు కిటికీలోంచి గ్రౌండునే చూస్తున్నాడు.

ఆ రోజు నా మనసు కరిగి పగ పోయిందని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. పోలేదు. నేను విసిరిన రాయి ఆ పిల్లవాడికి తగిలిందని తెలుసు. ఆ తప్పు కూడా కట్టవతల పీడీ మీదే వేశాను. ఆశ చూపించిందెవరు? దొంగపేరు తగిలించిందెవరు? నా పగలో వాడిది కూడా కలిపి మోయడం మొదలుపెట్టాను. బరువు పెరిగింది కానీ భుజానికి హాయిగానే ఉండింది.

నాలుగైదేళ్ళ తర్వాత రాప్తాడు పోయే దారిలో సొంతంగా షాపు పెట్టుకున్నాను. ఒక పొద్దున, పది గంటలకే రోడ్డు మీద ఎండ సెగలు కక్కుతోంది. లారీ టైరు తెచ్చిన ఒక డ్రైవరు బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఎవరో ముసలాయన స్కూటరు తోసుకుంటూ వచ్చాడు. వెనక చక్రం నేలకంటుకుపోయింది. జుట్టు తెల్లబడినా సన్న మీసం మారలేదు.

నన్ను చూసి ఆగాడు. పోల్చుకున్నాడు. వెనక్కి పోదామా అన్నట్టు రోడ్డు చూశాడు. రోడ్డు మీద ఇంకో షాపు లేదు.

"స్టాండు వేయండి సార్," అన్నాను. నిజంగానే బాగుచేసి పంపుదామనుకున్నాను. వయసైపోయిన మనిషి, ఒగరుస్తున్నాడు. నీళ్ళిచ్చాను, తాగాడు. స్పానరు తీసి చక్రం నట్లు వదులు చేశాను. ఆయన బల్ల చివర కూర్చుని, గొంతు తడిసిన తర్వాత అన్నాడు,

"ఆ పొద్దు నువ్వు చెప్పినావని వాన్ని తీసేసినా అనుకుంటాండావేమో."

నేను ఆఖరి నట్టు వదులు చేస్తున్నాను.

"వానికి అప్పుడే ఆయాసం వచ్చేసింది. నువ్వు రాకపోయినా తీసేద్దామనే అనుకుంటి. కోటు గూడ అంతే. నాకు ఆ అలవాటు ఉండాది, పిల్లోళ్ళకు చలి తగుల్తాదని. నువ్వు ఏమేమో అనుకుని సంతోషపడింటావు. పడు. నేనెందుకు వద్దంటా?"

అబద్ధం. జిప్పు మీద ఆయన వేళ్ళు వణకడం నేను చూశాను. కానీ ఈ లోకంలో ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆ ఇద్దరిలో ఒకడు అట్లా జరగలేదంటే, నా దగ్గర మిగిలింది సగమే. చప్పట్లు ఆయనే తీసుకున్నాడు, ఇప్పుడు నా పగ కూడా ఆయనకే కావాలట.

వదులు చేసిన నట్లను మళ్ళీ ఒక్కొక్కటే బిగించాను. స్పానరు పెట్టెలో పెట్టి మూత వేశాను. స్కూటరు స్టాండు తీసి హ్యాండిలు ఆయన చేతికిచ్చాను.

"షాపు మూసేసినాం సార్."

"ఇప్పుడే గదప్పా తెరిచినావు?"

"తెరిచినామంటే మూయల్ల గద సార్."

ఆయన నా మొహం చూశాడు. ఈసారి ఎవరని అడగలేదు. హ్యాండిలు పట్టుకుని, చక్రం కమ్మీ నేలకు గీసుకుపోయే శబ్దంతో రాప్తాడు వైపు తోసుకుంటూ పోయాడు. మలుపు దాకా నీడ లేదు. మలుపు తర్వాత కూడా లేదని నాకు తెలుసు. కనపడకుండా పోయేదాకా నిలబడి చూశాను.

డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టాడు. "పాపం, పెద్దాయప్ప. కొంచెం గాలన్నా కొట్టి పంపింటే రాప్తాడు దాకా పోతాండ్య గదన్నా?"

"పోతాండ్య," అన్నాను. "అందుకే కొట్టలేదు."